గాలి చీటీ

చింతాద్రిపేట,
జూన్ 12.

చిరంజీవి ధనుంజయకు,

నీకు తెలుగు చదవడం రాదు గనక అరవ అక్షరాల్లోనే రాస్తున్నాను. మీ అక్క కుముదిని కూడా ఇలాగే రాసేది. మాట తెలుగు, రాత అరవం. పాతికేళ్ళు ఆమె చీటీలు చదివినవాణ్ణి గనక నాకిది కష్టం కాదు.

ఆమె పెద్దకర్మ అయిన మర్నాడు నువ్వు వ్యాసర్పాడి వెళ్ళి, టీ కొట్టు ముందు అమ్మాసిని ఇనప గొట్టంతో కొట్టావు. నాతో ఒక్క మాట చెప్పలేదు. పోలీసులు వచ్చి చెప్పారు. అతని దవడ రెండు చోట్ల విరిగింది. కుడి కన్ను తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు.

తిట్టడానికి రాయడం లేదు. వకీలు అచ్యుతరామయ్య గారిని పెట్టాను. బెయిలుకు మూడు నెలలు పట్టవచ్చునన్నారు.

అక్క చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. తీయలేదు. నీకేం కావాలో రాయి.

భాష్యం


పుళల్ జైలు,
జూన్ 20.

బావకి,

ఉత్తరం అందింది. ఈడ ఉత్తరాలు విప్పి చదివే వార్డరు ఒకడుండాడు, బాలమురుగన్ అని. నీ ఉత్తరం పట్టుకొని నా దగ్గరికొచ్చి, "ఏందప్పా ఇది, అక్షరాలన్నీ మావే, ఒక్క ముక్కా అర్థం కాలా. మంత్రాలా?" అన్నాడు. తెలుగు సార్ అన్నా. "నాకు తెలిసిన బూతు ఒక్కటి కనిపించినా ఆపేస్తా, చూసుకో" అని ఇచ్చేసినాడు. కాబట్టి ఏమన్నా రాయొచ్చు. రాస్తా ఉండా.

బయటికొచ్చిన రోజే అమ్మాసిని ఖాళీ చేస్తా. మన ఊళ్ళో ఖాళీ చెయ్యడమంటే ఏందో నీకు తెలుసు. ఈసారి గొట్టం కాదు, కత్తి.

ఇరవై ఏళ్ళుగా సినిమాల్లో ఫైటర్ని. దెబ్బలు తినడం నా పని. వాటిల్లో ఒక్కటీ నిజం దెబ్బ కాదు. అమ్మాసిని కొట్టినప్పుడే తెలిసింది, నిజం దెబ్బకి సద్దుండదు. తడిబట్ట నేల మీద పడినట్టుంటాది, అంతే. ఇంకో రెండు కొట్టుంటే సరిపోయేది. జనం పట్టేసినారు.

అక్క పనిచేసిన కంపెనీవాళ్ళే నా ముందర చెప్పినారు, ట్యాంకులోకి నైట్రోజన్ వదిలినోడు వాడేనని. అక్కని చంపినోడు వాడే. నాకు బీడీలు పంపు.

ధనుంజయ


చింతాద్రిపేట,
జూలై 1.

ధనుంజయా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి చించేశాను. వార్డరుకు అర్థం కాకపోయినా ఇంకొకరికి కావచ్చు.

జరిగింది నాకు తెలిసినంత మటుకు రాస్తాను.

మాధవరం అవతలి ఆ ఫ్యాక్టరీ నీకు తెలుసు. రంగులకు, జిగురులకు, పసిపిల్లల డైపర్లకు కావలసిన పాలిమర్లు చేస్తారు. ముడిసరుకు యాక్రిలిక్ యాసిడ్. చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది. ఘాటు వాసన. మీ అక్క కోటు ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ వాసన పోయేది కాదు. ఆ యాసిడ్ తనంతట తాను గడ్డకట్టాలని చూస్తుంది. కట్టడం మొదలైతే వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ ఇంకా తొందరగా కడుతుంది. అందుకని ఆపే మందు కాస్త కలిపి ఉంచుతారు. ఆ మందు పనిచేయాలంటే గాలి ఉండాలి. మిగతా రసాయనాలకు నిప్పు భయంతో గాలి తీసేసి నైట్రోజన్ నింపుతారు. దీనికి అదే విషం. "దీనికీ నాకూ ఒకటే జబ్బు, కిటికీ మూస్తే తట్టుకోలేం" అనేది ఆమె.

మే 18, శనివారం. సోమవారం వెల్డర్లు వస్తారు, ఖాళీ ట్యాంకులన్నిటికీ నైట్రోజన్ పెట్టమని మేనేజరు ఆ రోజు పనిలో ఉన్న అమ్మాసికి ఫోనులో చెప్పాడు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి అంటుకోకుండా అది మామూలు పద్ధతే. మూడో నంబరు ట్యాంకు ఖాళీ కాదు. పన్నెండు టన్నుల యాసిడ్ ఉంది. ఎంత ఉందో చూపే గాజు గొట్టం జిగురు పట్టి ఏడాదిగా మూసుకుపోయింది. అమ్మాసి దానికీ గాలి కట్టేసి నైట్రోజన్ విప్పాడు.

రెండు రోజులు. మే నెల ఎండ.

రెండు రోజుల సెలవు తర్వాత సోమవారం పొద్దున ఏడింటికి ఆమె షిఫ్టుకు వెళ్ళింది. ట్యాంకు మీద చెయ్యి వేసి వెంటనే తీసేసిందట. మనుషుల్ని దూరంగా పొమ్మని, ఆపే మందు డబ్బా తీసుకుని మెట్లెక్కింది. ఏడూ ఇరవైకి పేలింది. ట్యాంకు మూత పక్క గోడౌను కప్పు చీల్చుకుని లోపల పడింది.

నిండు ట్యాంకును ఖాళీ అని ఎందుకనుకున్నావని పోలీసులు అమ్మాసిని అడిగారట. ఏదో చీటీ చూశానన్నాడు. ఆ ట్యాంకుకు అలాంటి చీటీ కట్టలేదని కంపెనీ అంది. సరిగ్గా కనుక్కుందామంటే ఇప్పుడు అతని దవడకు తీగలు కట్టారు. మాట్లాడలేడు.

భాష్యం


పుళల్,
జూలై 11.

బావకి,

బీడీలు పంపలా. ఉపన్యాసం పంపినావు.

నువ్వేం మనిషివి? పెళ్ళాం కాలిపోతే ఏడూ ఇరవై అంటావు, పన్నెండు టన్నులంటావు. బళ్ళో పిల్లకాయలకి లెక్క చెప్పినట్టు. మార్చురీలో నన్ను గుమ్మం కాడే ఆపేసినావు. లోపలికి పోవద్దన్నావు. నాకు అక్కని చూపించలా. మా అమ్మ పోయినాక నాకు తల దువ్వింది ఆమె. నా మొదటి ఫైటులో తలుపు గాజు నిజంగా గుచ్చుకుంటే పళ్ళతో పట్టి లాగింది ఆమె. ఎట్లుండింది? రాయి. నేను తెలుసుకోవాల.

నిన్న ఈడ ఒకడు "ఏం హీరో, ముసలోణ్ణి కొట్టి లోపలికొచ్చినావంటనే" అన్నాడు. చెంబుతో వాడి ముక్కు చితకగొట్టినా. వాడి పన్ను ఒకటి నా పిడికిట్లో ఇరుక్కొనింది. మూడు రోజులు ఒంటరి గదిలో ఏసినారు. ఆ మూడు రోజులూ అమ్మాసి గొంతునే తలుచుకున్నా.

ధనుంజయ


చింతాద్రిపేట,
జూలై 23.

ధనుంజయా,

అడిగావు గనక రాస్తున్నాను.

ముఖం లేదు. కుడి మోచేతి కింద చపాతీ పెనం అంటుకున్న పాత మచ్చ ఉండేది, నీకు తెలుసు. చుట్టూ చర్మమంతా పోయి ఆ మచ్చ ఉన్న ముక్క ఒక్కటే మిగిలింది. అది చూసి సంతకం పెట్టాను. యాసిడ్ జుట్టులో గడ్డకట్టింది. తెల్లగా, రాయిలా. సుత్తి తెప్పించమంటారా అని అక్కడి మనిషి అడిగాడు. మర్యాదగానే అడిగాడు. వద్దన్నాను. అలాగే దహనం చేశాం. ఆ గడ్డ కాలడానికి చాలాసేపు పట్టింది. నువ్వు నదివైపు తిరిగి కూర్చున్నావు. నేను చూశాను.

లెక్కల మాస్టరు ఇలాగే రాస్తాడు. వేరేలా రాయడం చేతకాదు.

ఇప్పుడు నాకొక పని చేసిపెట్టు. ఒక ప్లాస్టిక్ చీటీ మీద ఉన్న మాటకు ఈ కింద నకలు దిద్దాను. ఆలోచించకుండా చదివి, ఏమిటో రాయి.

காலி

బీడీలు పంపుతున్నాను.

భాష్యం


పుళల్,
జూలై 30.

బావకి,

ఏందిది, పరీక్షా? ఖాళీ. ఒకటో తరగతి బిడ్డ చెబుతాడు. వార్డరు కూడా చూసినాడు. "అబ్బా, ఇన్నాళ్ళకి మీ మంత్రాల్లో ఒక్క మాట అర్థమైందప్పా, ఖాళీ!" అని తెగ సంతోషపడినాడు.

అక్క సంగతి రాసినందుకు మేలు. చదివి రెండు రోజులు కూడు తినలా. ఆ సుత్తి మాట చెవిలోంచి పోవడం లేదు. ఆ సుత్తి అమ్మాసి తల మీద పడాల.

సెప్టెంబరు నాలుగున వదులుతారంట. నన్ను తీసకపోయేదానికి నువ్వు రావద్దు. నేను పొయ్యేది ఇంటికి కాదు.

ఆ మాట ఎందుకడిగినావు?

ధనుంజయ


చింతాద్రిపేట,
ఆగస్టు 9.

ధనుంజయా,

కూర్చుని చదువు.

జూలై ఇరవైన రాఘవయ్య వచ్చాడు. మీ అక్క కింద పదకొండేళ్ళు ట్యాంకులు చూసుకున్న మనిషి. ఇంట్లో తెలుగు, చదువు అరవం, మీలాగే. పేలుడు నాడు సెలవులో ఉన్నాడు. మర్నాడు వెళితే ప్రహరీ గోడ అవతల మూడో ట్యాంకు గొట్టం ముక్క కనబడిందట. దానికి తీగతో కట్టిన పసుప్పచ్చ చీటీ. ఎవరికీ చెప్పకుండా విప్పి తెచ్చుకున్నాడు. రెండు నెలలు దేవుడి పటం వెనక దాచాడు. ఇక దాచలేనని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

రాత మీ అక్కది. నీకు పంపిన మాట అదే.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు నా స్కూటరు మీద ఇదే మాట రాసిన చీటీ అంటించి వెళ్ళింది. పెట్రోలు ఖాళీ అనుకుని బంకు దాకా తోసుకుపోయాను. ట్యాంకు నిండా పెట్రోలే. వెనక టైర్లో గాలి లేదు. ఆమె రాసింది గాలి అని. అరవంలో క-కీ గ-కీ ఒకటే అక్షరం కదా. ఏడాది పాటు నన్ను చూసి నవ్వింది.

కొత్తగా నైట్రోజన్ గొట్టం వేశారు, గాలి గొట్టం పక్కనే. ఎవరైనా పొరపాటున దాన్ని విప్పుతారని ఆమె భయం. ఈ ట్యాంకుకు గాలే ఉండాలని రాఘవయ్యకు గుర్తుగా ఆ చీటీ కట్టింది. రాఘవయ్యకు అర్థమైంది. అతను శనివారం సెలవు పెట్టాడు. బదులు వచ్చినవాడు అమ్మాసి. తెలుగు ముక్క రాదు. ఆ వరసలో ఖాళీ ట్యాంకులన్నిటికీ కంపెనీ కట్టే చీటీ మీద కూడా అవే అక్షరాలు.

అమ్మాసి ఖాళీ అని చదివాడు. నువ్వూ ఖాళీ అనే చదివావు. ఆమెతో ఒకే పలక మీద దిద్దినవాడివి, ఒకే ఇంట్లో ఒకే మాట మాట్లాడినవాడివి. శనివారం ఆ ట్యాంకు దగ్గర నువ్వు ఉన్నా నైట్రోజనే విప్పేవాడివి.

ఇంకో రకంగా కూడా చదవచ్చు. కాలి. కాలి పోయింది.

సెప్టెంబరు 9న పేలుడు మీద విచారణ. ఈ చీటీ ఇస్తే అమ్మాసి బయటపడతాడు. మృతురాలి రాతే కారణమని కాగితం మీద కుముదిని పేరు ఎక్కుతుంది. కాల్చేయమని రాఘవయ్య నా కాళ్ళు పట్టుకున్నాడు. నేనింకా ఏమీ చేయలేదు.

తెలుగులో ఆ రెండూ వేరు. చూడు. క. గ.

భాష్యం


పుళల్,
ఆగస్టు 18.

భాష్యం గారికి,

అక్కని వాడు ఒకసారి చంపినాడు. నువ్వు రెండోసారి చంపతా ఉండావు.

చీటీ కాల్చెయ్యి. కాల్చకుండా ఎవడికన్నా చూపించినావో, నాలుగో తేదీ బయటికి రాగానే ముందర వ్యాసర్పాడి పోతా, ఆడ పని ముగించుకొని చింతాద్రిపేట వస్తా. బావ అని చూడను. నీ వేళ్ళు ఒకటొకటిగా విరిచి ఆ చీటీ లాక్కుంటా. ఇది సినిమా మాట కాదు.

ఒకటి అడుగుతా, నిజం చెప్పు. అక్క ఆ చీటీ యాడ కూర్చొని రాసింది? రాసేటప్పుడు ఆమె పక్కన చదువుకున్నోడు ఒక్కడూ లేడా?

ధనుంజయ


చింతాద్రిపేట,
ఆగస్టు 27.

ధనుంజయా,

ఉన్నాడు.

మే 16, గురువారం సాయంత్రం. మన ఇంట్లో, భోజనాల బల్ల మీద. నేను ఎదురుగా కూర్చుని పేపరు చదువుతున్నాను. ఆమె పసుప్పచ్చ ప్లాస్టిక్ షీటు కత్తిరించి నల్ల పెన్నుతో రాసింది. ఆరనివ్వమని నా పేపరు మీద పెట్టింది. చూశాను. "మళ్ళీ పెట్రోలా?" అన్నాను. ఆమె నవ్వింది. "రాఘవయ్యకి తెలుసులే, నీ మాదిరి తోసుకుంటా పోడు" అంది. నేనూ నవ్వాను.

ఆ చీటీని ఖాళీ అని చదివి మోసపోయినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే. ఇంకొకడు కూడా మోసపోతాడని చెప్పవలసినవాణ్ణీ నేనే. నవ్వి పేజీ తిప్పాను.

పెళ్ళినాడు ఆమెకు తెలుగు రాత నేర్పిస్తానన్నాను. అచ్చులు దాటలేదు. తొందరేముందిలే అనుకున్నాను.

ఈ సంగతి పోలీసులకు చెప్పలేదు. రాఘవయ్యకు చెప్పలేదు. మొదటి ఉత్తరం నుంచీ నీకు చెప్పకుండా దాస్తున్నది ఇదే. చీటీ నా చేతికి రాకముందే, అమ్మాసి చీటీ చూశానన్నాడని విన్న రోజే, నాకు ఆ పసుప్పచ్చ ముక్క గుర్తొచ్చింది.

కత్తి పట్టుకునే వస్తే ముందు చింతాద్రిపేట రా. తలుపు గడియ పెట్టను.

భాష్యం


వ్యాసర్పాడి,
సెప్టెంబరు 5.

బావా,

ఫోను చెయ్యకుండా ఎందుకు రాస్తా ఉండానంటే, నీ గొంతు వింటే బూతులొస్తాయి. ఎదురుగా వస్తే చెయ్యి ఆగదు. నువ్వు నవ్వినావు. దాన్ని నేను మరిచిపోను.

నిన్న జైలు నుంచి నేరుగా ఈడికే వచ్చినా. దారిలో మాధవరంలో కొబ్బరి బోండాలు కొట్టే కత్తి కొన్నా. సినిమా కత్తికి బరువుండదు. దీనికుండింది. అమ్మాసి ఇల్లు రైలు పట్టాల పక్కన. తలుపు తీసింది వాడి పెళ్ళాం పొన్నమ్మ. కత్తి చూసింది. అరవలా. లోపలికి తిరిగి, "ఏమయ్యా, నీ కన్ను పెరికినోడు వచ్చినాడు. ఇంకోటి మరిచిపోయినాడంట" అనింది.

వాడు గంజి తాగతా ఉండాడు. సగం గడ్డం మీంచి కారిపోతా ఉండాది. మెడ పట్టి గోడకి అదిమినా. తల తగిలి గోడ సున్నం రాలింది. కత్తి గొంతు మీద పెట్టినా. ఎర్రగా ఒక గీత లేచింది. పొన్నమ్మ బట్టలుతికే కర్రతో నా వీపు మీద దంచతా ఉంది. నేను కదల్లా. "అక్క ఆఖరికి ఏమనింది? చెప్పి చావు" అన్నా.

తీగలు తీసేసినారు గానీ, వాడి మాట నమిలినట్టు వస్తాది. చెప్పినాడు.

"అమ్మ మెట్ల పైనుంచి నన్నే చూసి అరిచింది. ముక్కుకి ముసుగుండింది. సైరన్ మోగతా ఉండింది. 'ఖాళీ, ఖాళీ' అని వినపడింది. ఖాళీ చెయ్యండి, పారిపొండి అంటా ఉందనుకొని గేటు దాకా పరుగెత్తినా. గేటు దాటినానో లేదో పేలింది. ఆ మాటతో నన్ను బతికించింది అమ్మ. రోజూ దండం పెడతా ఉండా."

గోడకి చూపించినాడు. ఏదో పేపర్లో అచ్చయిన అక్క ఫోటో. కింద చామంతి పూలు. వాడిపోయినవి కాదు, ఆ పొద్దువే.

బావా, భయమేస్తే అక్కకి అరవం రాదు. చిన్నప్పుడు తేలు కనిపించినా తెలుగే. ఆమె ఖాళీ అని యాడ అనింది? గాలి అనింది. గాలి గొట్టం విప్పమని అరిచింది. వాడు విప్పుంటే? నువ్వు లెక్కల మాస్టరువి, చెప్పు. విప్పుంటే అక్క బతికేదా?

కత్తి గొంతు మీదే ఉంది. వాడి ఒక్క కన్నూ నన్నే చూస్తా ఉంది. నేను తప్పు చేసినానా అని అడగతా ఉంది ఆ కన్ను. మన భాష వాడికి రాదు. నేను చెప్పాలంటే ఒక్క మాట. ఆ మాట కత్తి కన్నా లోపలికి దిగతాది. వాడు ఇంక బతకడు.

"అవును. పారిపొమ్మనే చెప్పుంటాది. మా అక్క అట్టాంటిదే" అన్నా.

కత్తి కింద పడేసినా. పొన్నమ్మ తీసి చూసి, "మంచి ఇనుమే, బోండాలకి పనికొస్తాది" అని లోపల పెట్టుకొనింది. నా వీపు వాచిపోయింది. ఈడనే వాళ్ళ వాకిట్లో కూర్చొని రాస్తా ఉండా.

చీటీ ఇచ్చెయ్యి. నేనూ ఖాళీ అనే చదివినానని విచారణలో నేను చెబుతా. అమ్మాసి దేవుణ్ణి చూసినట్టు నన్ను చూడకుంటే మేలు. పోయిన కన్ను నేను తీసింది.

నువ్వు రాసిన అక్షరం చూసి దిద్దినా. ఇదిగో.

గ

ధనుంజయ


చింతాద్రిపేట,
సెప్టెంబరు 10.

ధనుంజయా,

నిన్న విచారణ గదిలో నీ మాట అయ్యాక నువ్వు నన్ను చూడకుండానే వెళ్ళిపోయావు. అందుకని రాస్తున్నాను.

చీటీ వాళ్ళ దగ్గరే ఉంది. "మృతురాలు స్వయంగా రాసినది" అని రాసుకున్నారు. కింద నేను సంతకం పెట్టాను. రాస్తున్నప్పుడు చూసి ఊరుకున్నవాణ్ణి నేనని కూడా చెప్పాను. అది రాసుకోలేదు. అవసరం లేదన్నారు.

నువ్వడిగినదానికి జవాబు. రాఘవయ్యను అడిగాను. ఆ ఫ్యాక్టరీ మానేసిన పాత కెమిస్టునూ అడిగాను. ట్యాంకు చెయ్యి పెట్టలేనంత కాలాక ఇక గాలి విప్పినా ఆగదు. ఇద్దరూ విడివిడిగా అదే చెప్పారు. అమ్మాసి గొట్టం దగ్గరికి వెళ్ళి ఉంటే ఇద్దరు పోయేవారు. ఇది నిన్ను ఊరడించడానికి రాసింది కాదు. లెక్క.

అక్షరం చూశాను. తలకట్టు మరీ దూరంగా పెట్టావు. గీతకు తగలాలి.

ఆదివారం రా. కొట్టాలనుంటే ముందు కొట్టు. తర్వాత కూర్చో. దిద్దిస్తాను.

భాష్యం